ఆదరణ అనే మాట

వీధి మలుపులో గోడ మీద అంటించిన కాగితంలోనో, వాట్సాప్‌లో వచ్చిన కార్డులోనో 'ఆదరణ కూడిక' అని కనబడితే, అది క్రైస్తవుల ఇల్లనీ, ఆ ఇంట్లో ఎవరో పోయారనీ తెలుగువాళ్ళలో చాలామందికి వెంటనే అర్థమవుతుంది. ఆ వాడుక తెలియనివాళ్ళు మాత్రం కాస్త తికమకపడతారు. వాళ్ళకు ఆదరణ అనగానే గుర్తొచ్చేది పండగ ముందు బట్టల కొట్టువాళ్ళు ఖాతాదారుల ఆదరాభిమానాలకు చెప్పే కృతజ్ఞత. లేదా సినిమా పేజీలో ప్రేక్షకాదరణ కరువై వారం తిరక్కుండా ఎత్తేసిన బొమ్మ. కవుల చరిత్రల్లో చదువుకున్న రాజాదరణ. వృద్ధాశ్రమాల వార్తల్లో కన్నబిడ్డల నిరాదరణ. సర్కారు వారు చేతివృత్తులవాళ్ళకు పనిముట్లు పంచిన పథకం పేరు కూడా ఆదరణే. ఇన్ని చోట్ల ఇన్ని పనులు చేసే మాట చావింటి పందిరి కిందికి ఎందుకు వచ్చింది? ఓదార్పు అనే చక్కటి తెలుగు మాట చేతిలో ఉండగా, క్రైస్తవులు దుఃఖంలో ఉన్నవాళ్ళ దగ్గరికి ఈ మాటను ఎందుకు తీసుకువెళ్ళారు?

మాట పుట్టుక దగ్గర మొదలుపెడదాం. సంస్కృతంలో 'దృ' అనే ధాతువు ఒకటి ఉంది. ధాతుపాఠం దానికి చెప్పిన అర్థం ఆదరమే. ఈ ధాతువుకు ఒక వింత గుణం ఉంది. ఒంటరిగా వాడుకలోకి రాదు. ముందు 'ఆ' అనే ఉపసర్గ చేరితేనే నోట పలుకుతుంది. ఆ ఉపసర్గకు 'వైపుగా', 'దగ్గరగా' అనే అర్థాలున్నాయి. మనసును ఒకరి వైపు తిప్పడం, వాళ్ళను లెక్కలోకి తీసుకోవడం, లక్ష్యపెట్టడం ఆదరం. అందుకే దీని ఎదురుమాట నిరాదరణ అయింది గాని ద్వేషం కాలేదు. ద్వేషించేవాడికి మనం ఉన్నామన్న సంగతైనా తెలుసు. నిరాదరణలో ఆపాటి గుర్తింపు కూడా ఉండదు. మనిషి కళ్ళ ముందు తిరుగుతున్నా లేనట్టే.

చెవికి దీని దగ్గరి చుట్టంలా వినిపించే ధాతువు ఇంకొకటి ఉంది: దీర్ఘంతో 'దౄ'. చీల్చడం, బద్దలు చేయడం దాని అర్థం. విదారణ, హృదయవిదారకం దాని సంతానం. రెండు వంశాలకూ సంబంధం లేదు. అయినా చావింట్లో ఈ రెండు మాటలూ ఎదురుపడక తప్పదు. అక్కడ జరిగింది హృదయవిదారకం. అక్కడికి వెళ్ళవలసింది ఆదరణ. ఇంకో మాట కూడా వినడానికి ఇలాగే ఉంటుంది: ఆదరాబాదరా. దాని పుట్టుక ఏదైనా కానీ, ఆదరాబాదరాగా చేసేది ఆదరణ కాదన్న సంగతి తెలుగు చెవికి ఎవరూ చెప్పకుండానే తెలుస్తుంది.

తెలుగులో ఈ కుటుంబం నుంచి వచ్చిన ఇంటి మాట ఆదరువు. ఆసరా, దన్ను అని దాని అర్థం. తమిళులు ఆదరవు అంటారు, మద్దతు అనే అర్థంలో రోజూ వాడతారు. మన పాతకాలం వాళ్ళ నోట అన్నంలోకి నంజుకునే కూరకూ పచ్చడికీ కూడా ఆదరువు అనే పేరు ఉంది. ఉత్త అన్నం గొంతు దిగదు, పక్కన ఏదో ఒకటి ఉండాలి. ఆ పక్కన ఉండేది ఆదరువు. ఈ చిన్న సంగతి గుర్తుంచుకుంటే తర్వాత పనికొస్తుంది.

దుఃఖంలో ఉన్న మనిషి దగ్గర చేసే పనులకు తెలుగులో మాటలకు కరువు లేదు. ఒక్కొక్క మాటకు ఒక్కొక్క చోటు. ఏడుస్తున్న పిల్లను ఊరడిస్తాం, అలిగినవాణ్ణి సముదాయిస్తాం, పెద్దవాళ్ళను ఓదారుస్తాం. ఓదార్పు చూపంతా కన్నీళ్ళ మీదే ఉంటుంది. ఏడుపు ఆగితే దాని పని అయిపోయినట్టే. ఈ మాటకు ఈ పదిహేనేళ్ళలో ఒక యాత్ర పేరు మీదుగా రాజకీయపు వాసన కూడా అంటుకుంది. సాంత్వన పుస్తకాల్లో ఉంటుంది, నోట్లోకి రాదు. పరామర్శ పేపర్లలో నాయకులు చేసేది, ఫొటోతో సహా. కానీ దాని ధాతువుకు అర్థం తాకడం, చేత్తో ముట్టుకోవడం. ఇంత దగ్గరితనమున్న మాట వార్తల్లో పడి ఎంత దూరమైపోయిందో! పల్లెల్లో వీటన్నిటికంటే ఎక్కువగా వినిపించేది పలకరింపు. "వాళ్ళాయన పోయాడంట, ఒకసారి పలకరించి రావాలి" అంటారు. అక్కడ ఏం మాట్లాడాలో ఎవరికీ తెలియదు. తెలియకపోయినా వెళ్తారు. వెళ్ళడమే పలకరింపు.

ఇక బైబిలు సంగతి. యూదుల గ్రంథాల హీబ్రూలో ఈ పనికి వాడిన ముఖ్యమైన మాట 'నాహమ్' అనే ధాతువు నుంచి వచ్చింది. బరువుగా ఊపిరి తీసుకోవడం దాని తొలి అర్థం కావచ్చునని చాలామంది పండితులు అంటారు. నహూము ప్రవక్త పేరులో ఉన్నది అదే. నెహెమ్యా పేరులోనూ అదే. కొత్త నిబంధన గ్రీకులో దాని స్థానంలోకి వచ్చిన మాట 'పరాక్లేసిస్'. 'పరా' అంటే పక్కన, 'కలేయిన్' అంటే పిలవడం. పక్కకు పిలుచుకోవడం, పక్కన నిలబడి మాట్లాడటం, ధైర్యం చెప్పడం, బతిమాలడం, బోధించడం, ఓదార్చడం అన్నీ ఆ ఒక్క మాటలో ఒదిగిపోయాయి. అలా పక్కకు పిలిపించుకున్నవాడు 'పరాక్లేతోస్'. ఆ కాలపు గ్రీకులో ఈ మాట న్యాయస్థానం దరిదాపుల్లో వినిపించేది. ఆపదలో ఉన్నవాడు తన తరఫున మాట్లాడటానికి పిలిపించుకున్న మనిషి అన్నమాట. యోహాను సువార్తలో యేసు తాను వెళ్ళిపోబోయే ముందు శిష్యులకు చెప్పిన మాటల్లో పరిశుద్ధాత్మకు ఈ పేరు ఉంది.

ఈ బరువైన మాటలను తెలుగులోకి దించే పని విశాఖపట్నంలో గట్టిగా మొదలైంది. లండన్ మిషనరీ సొసైటీ పంపిన జార్జ్ క్రాన్, ఆగస్టస్ డెస్ గ్రాంజెస్ 1805లో అక్కడ దిగారు. ఆనందరాయరు అనే పండితుడి సాయంతో సువార్తలను తెలుగు చేశారు. అవి 1812లో శ్రీరాంపూర్‌లో అచ్చయ్యేనాటికి ఆ ఇద్దరు మిషనరీలూ బతికి లేరు. కొత్త నిబంధన మొత్తం 1818లో వచ్చింది. ఆ తర్వాత వందేళ్ళ పాటు ఎన్ని చేతులు ఎన్ని దిద్దుబాట్లు చేశాయో! ఈరోజు చర్చిల్లో చదివే పాత అనువాదం అలా అరిగి అరిగి నునుపుదేలిన పాఠం. అందులో ఆదరణకర్త అనే మాట ఎవరికి తట్టిందో గాని, ఆ మాట నిలబడింది.

అనువాదకులు గ్రీకు మాట ఒకటే కదా అని తెలుగులోనూ ఒకటే మాట వాడి ఊరుకోలేదు. యోహాను సువార్తలో పరాక్లేతోస్ ఆదరణకర్త అయ్యాడు. అదే మాట యోహాను మొదటి పత్రికలో యేసుక్రీస్తుకు వాడితే, అక్కడ ఉత్తరవాది అయ్యాడు, అంటే మన తరఫున జవాబు చెప్పేవాడు. అపొస్తలుల కార్యాల్లో బర్నబా అనే పేరుకు అర్థం చెబుతూ గ్రీకులో పరాక్లేసిస్ అన్నారు. తెలుగులో ఆయన హెచ్చరిక పుత్రుడు అయ్యాడు. ఇప్పటి పాఠకుడికి ఇది వింతగా తోస్తుంది. హెచ్చరిక అంటే మనకు కరెంటు స్తంభం మీద పుర్రె బొమ్మ కింద రాసే మాట. పాత తెలుగులో అది జాగ్రత్త, మెలకువ. రాజు గారు నడుస్తుంటే ముందు నడిచే వేత్రహస్తులు, అంటే బెత్తం పట్టిన భటులు, "హెచ్చరిక!" అని పలికేవారు. అడుగు చూసుకోమని చెబుతూ వెంట నడిచే గొంతు అది. బర్నబాకు ఆ పేరు అంత తప్పేమీ కాదు. సౌలు, అంటే తర్వాతి పౌలు, యేసు శిష్యుడిగా మారినప్పుడు యెరూషలేములో ఎవరూ నమ్మకపోతే, చెయ్యి పట్టుకుని అపొస్తలుల దగ్గరికి తీసుకువెళ్ళింది ఆయనే.

నాలుగో మాట ఇంకా చక్కనిది. లూకా సువార్తలో ధనవంతుడి వాకిట్లో పుండ్లతో పడి ఉండే లాజరు చనిపోయాక అతని స్థితిని చెప్పడానికి ఇదే గ్రీకు క్రియను వాడారు. తెలుగులో అక్కడ నెమ్మది పొందుతున్నాడు అని వస్తుంది. మనకు నెమ్మది అంటే ఇప్పుడు వేగం తగ్గించడం: నెమ్మదిగా నడు, నెమ్మదిగా మాట్లాడు. కన్నడంలో నెమ్మది అంటే ప్రశాంతత, తమిళంలో నిమ్మది అంటే ఊరట. తెలుగులో ఆ పాత అర్థం పూర్తిగా పోలేదు. రోగి మంచం దగ్గర బతికే ఉంది. "రాత్రంతా జ్వరం కాసిందండీ, తెల్లారేసరికి నెమ్మదించింది." "ఇప్పుడెలా ఉంది?" "కాస్త నెమ్మదిగా ఉంది." లాజరుకు దొరికింది అటువంటి నెమ్మది. తమిళ బైబిలు ఆదరణకర్తను తేట్రరవాళన్ అంటుంది. తేరుకునేలా చేసేవాడు అని దాని భావం. ఆ తమిళ ధాతువూ మన తేరుకోవడం, తేట ఒక్క తల్లి బిడ్డలే. కలక నీళ్ళు నిలకడ మీద తేటపడతాయి. మనిషీ అంతే, తేరుకోవడానికి సమయం పడుతుంది. ఇంగ్లీషువాళ్ళ కంఫర్టర్‌లో ఉన్నది లాటిన్ 'ఫోర్టిస్', బలం. బలపరిచేవాడు అనే ఆ అర్థం అరిగిపోయి, ఇప్పుడు కంఫర్టర్ అంటే పరుపుల దుకాణంలో దొరికే మెత్తటి బొంత. ఒక్కొక్క భాష దుఃఖానికి ఏం కావాలో తన లెక్కలో తాను చెప్పింది: ఒకరు ఊపిరి అన్నారు, ఒకరు తేట అన్నారు, ఒకరు బలం అన్నారు. తెలుగు ఆదరం అంది.

ఆదరించడం అనే మాట తెలుగు బైబిలులో ఎక్కడెక్కడ కూర్చుందో చూస్తే ఆ ఎంపిక ఇంకా తేటపడుతుంది. ఇరవై మూడో కీర్తనలో చీకటి లోయ దాటుతున్న మనిషిని ఆదరించేవి కాపరి చేతిలోని దుడ్డుకర్ర, దండం. కర్ర కన్నీళ్ళు తుడవదు. అక్కడ ఓదార్పు అంటే అతకదు. కర్ర చేసే పని పక్కన ఉండటం, దారి కాయడం. యెషయా గ్రంథం చివర దేవుడు తనను తల్లితో పోల్చుకున్న చోట కూడా తెలుగు ఆదరించడమే అంది. తల్లి బిడ్డ ఏడుపు మాన్పించడంతో ఊరుకోదు. పాలిస్తుంది, ఒళ్ళో పెట్టుకుంటుంది, జ్వరం చూస్తుంది.

ఇదే మాటకు బైబిలులో ఒక చేదు ప్రయోగం కూడా ఉంది. యోబు బిడ్డలు పోయారు, ఆస్తి పోయింది, ఒళ్ళంతా కురుపులు. ముగ్గురు స్నేహితులు ఎక్కడెక్కడి నుంచో వచ్చారు. వచ్చి ఏడు పగళ్ళు, ఏడు రాత్రులు అతని పక్కన నేల మీద కూర్చున్నారు. ఒక్క మాట మాట్లాడలేదు, అతని బాధ అంత గొప్పదని వాళ్ళకు కనిపించింది. ఆ ఏడు రోజులు వాళ్ళు నిజమైన ఆదరణకర్తలు. ఎనిమిదో రోజు నోరు విప్పారు. నువ్వేదో తప్పు చేసే ఉంటావు, ఊరికే దేవుడు ఇలా చేస్తాడా అని మొదలుపెట్టి, ఇరవైకి పైగా అధ్యాయాల పొడుగునా వాదించారు. పదహారో అధ్యాయంలో యోబు విసిగిపోయి వాళ్ళు ఆదరణకర్తలు కారని తేల్చేశాడు. పరిశుద్ధాత్మకు పెట్టిన పేరే తెలుగు బైబిలులో ఈ ముగ్గురి పేరు దగ్గర కూడా వస్తుంది, 'కారు' అనే మాటతో. గ్రీకు యోబు గ్రంథంలో సైతం ఇక్కడ ఉన్నది ఆ పరాక్లేసిస్ కుటుంబపు మాటే. ఆదరణకర్త పోలికలో పనికిమాలిన ఆదరణకర్త కూడా ఉంటాడని గ్రంథమే ముందు చెప్పి పెట్టింది.

ఆ హెచ్చరిక ఇప్పటికీ పనికొస్తుంది. ఏ ఆదరణ కూడికకైనా వెళ్ళండి. షామియానా కింద వరసగా ప్లాస్టిక్ కుర్చీలు. ముందు బల్ల మీద పోయిన మనిషి ఫొటో; దానికి దండ వెయ్యాలా వద్దా అని లోపల బంధువుల మధ్య సన్నటి వాదన, ఎందుకంటే కొన్ని సంఘాలవాళ్ళు వెయ్యరు. బ్యానరు మీద పుట్టిన తేదీ, మహిమ ప్రవేశం తేదీ. ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకం అట్ట ఊడిపోయినది ఒకటి చేతులు మారుతుంటుంది. ముసలివాళ్ళకు పుస్తకం అక్కర్లేదు. పాస్టరు గారు వాక్యం చెబుతారు. తర్వాత బంధువులు, సంఘ పెద్దలు ఒక్కొక్కరూ మైకు దగ్గరికి వస్తారు. "దేవుని చిత్తం." "ఇంతకంటే మంచి చోటికే వెళ్ళారు." "ఏడవకూడదమ్మా, సాక్ష్యం పోతుంది." ఈ మూడో మాట అన్నవాళ్ళకు బేతనియ గుర్తుండదు. అక్కడ ఇంకో లాజరు సమాధి దగ్గర, కాసేపట్లో అతన్ని లేపబోతున్నానని తెలిసి కూడా, యేసు ఏడ్చాడు. ఆయన సాక్ష్యం ఏమీ పోలేదు. రామాలో పిల్లల కోసం ఏడ్చిన రాహేలు ఓదార్పు వద్దంటుంది, ఆ వద్దనడాన్ని ప్రవక్త యిర్మీయా దాచకుండా రాశాడు, మత్తయి దాన్ని మళ్ళీ ఎత్తి చెప్పాడు. ఏడుపు వెంటనే మానమని అడిగేవాళ్ళను కాదనే హక్కు దుఃఖితులకు ఉందని గ్రంథం ఒప్పుకుంది.

మైకు దగ్గర జరిగేది అలా ఉండగా, షామియానా వెనక ఇంకొకటి జరుగుతుంటుంది. లోపలి గదిలో చాప మీద ఆ ఇంటి ఇల్లాలు. పక్కింటి పెద్దావిడ పళ్ళెంలో అన్నం కలుపుకుని వచ్చి ఎదురుగా కూర్చుంది. ఆవిడ క్రైస్తవురాలు కాదు, నుదుట బొట్టు ఉంది. వాక్యాలేవీ ఎత్తలేదు. "రెండు ముద్దలు తినమ్మా, బీపీ మాత్ర వేసుకోవాలి గదా" అంది. వద్దంటే ఒక నిమిషం ఊరుకుంది. మళ్ళీ ముద్ద చేసి పట్టుకుంది. మూడోసారికి ఆ ఇల్లాలు నోరు తెరిచింది. పచ్చడి కారంగా ఉందేమోనని పెద్దావిడ నెయ్యి కోసం లేచింది. ఆదరువు అనే పాత మాట ఎక్కడి నుంచి వచ్చిందో ఆ గదిలో కూర్చున్నవాళ్ళకు వేరే చెప్పక్కర్లేదు. కూడికలో కూడు కూడా ఉంటుంది, అది ఆఖర్న బయట పెట్టే భోజనాలకంటే ముందే మొదలవుతుంది.

ఆదరణ అనే మాట తెలుగు క్రైస్తవుల నోట ఇంత బలంగా నిలబడటానికి వ్యాకరణాన్ని మించిన కారణం ఒకటి చరిత్రలో ఉంది. 1876 నుంచి 78 దాకా దక్షిణాదిని ఊడ్చేసిన ధాత కరువులో ఒంగోలు ప్రాంతం నలిగిపోయింది. అక్కడ పనిచేస్తున్న అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ బకింగ్‌హాం కాలువలో మూడున్నర మైళ్ళ తవ్వకాన్ని గుత్తకు తీసుకుని కరువు జనానికి పని ఇచ్చాడు. తవ్వినవాళ్ళలో ఎక్కువమంది మాదిగలు, మాలలు. ఇతర శిబిరాల్లో వాళ్ళను తిట్టి కొట్టి పని చేయించేవారు. క్లౌ శిబిరంలో మేస్త్రీలు వాళ్ళ కులంవాళ్ళే, వాళ్ళ బోధకులే. మట్టి తట్ట దించుకుని కాసేపు నీడన కూర్చుంటే పక్కన కూర్చుని కబుర్లు చెప్పేవారు. బరువులు మోసి అలసినవాళ్ళను తన దగ్గరికి రమ్మని యేసు పిలిచిన పిలుపు, నిజంగా నెత్తి మీద తట్ట ఉన్నవాళ్ళ చెవిన పడింది. కూటి కోసం మతం మార్చుకున్నారన్న మాట అప్పుడూ అన్నారు, ఇప్పుడూ అంటారు. ఆ మాట వస్తుందని తెలిసే క్లౌ కరువు పని సాగినన్నాళ్ళూ బాప్తిస్మాలు ఆపేశాడు. పని ముగిసి, కూలీ ఆగిపోయాక జనం వచ్చారు. 1878 జులై 3న గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లి దగ్గర ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు.

వాళ్ళ తాతముత్తాతలు చూసింది కరువొక్కటే కాదు, తరతరాల నిరాదరణ. నీడ పడకూడదు, బావి తాకకూడదు, పేరు పెట్టి పిలిచేవాళ్ళు లేరు. అలాంటివాళ్ళకు దేవుడు ఓదారుస్తాడు అంటే ఎంత వినిపిస్తుంది? దేవుడు ఆదరిస్తాడు అంటే వేరు. లెక్కలోకి తీసుకుంటాడు, వైపు తిరుగుతాడు, గౌరవిస్తాడు. ఆదరం అనే మాటలో గౌరవం, ప్రేమ విడదీయలేనంతగా కలిసి ఉన్నాయి. గౌరవం లేని ఓదార్పు జాలి అవుతుంది. జాలి పడేవాడు పైన ఉంటాడు, ఆ జాలి పొందేవాడు కింద ఉంటాడు. ఆదరించేవాడు పక్కన ఉంటాడు. ఈ మాటను ఎంచుకున్న పండితులు ఇదంతా ఆలోచించి ఉండకపోవచ్చు. ఆ మాటను పట్టుకున్న జనం మాత్రం తమకు కావలసిన అర్థాన్ని అందులోంచి తీసుకున్నారు.

ఆదరణతో పాటు విశ్రాంతి అనే మాట కూడా ఇదే కథలో ఉంది. తెలుగు క్రైస్తవుల భాషలో శ్రమ అంటే కష్టం, బాధ, హింస. ఈస్టరుకు ముందు నలభై రోజులు శ్రమల కాలం. "ఇంట్లో శ్రమల్లో ఉన్నాం, ప్రార్థన చెయ్యండి" అంటారు. బయటి తెలుగులో శ్రమ అంటే పని, చెమట: శ్రమజీవి, శ్రమదానం. ఒంగోలు పల్లెల్లో ఈ రెండు అర్థాలకూ తేడా లేదు; వాళ్ళ పనే వాళ్ళ బాధ. శ్రమ, విశ్రాంతి ఒకే ధాతువు బిడ్డలు. శ్రమ విడిచిపోవడమే విశ్రాంతి. క్లౌ సంఘంలో చేరేవాళ్ళకు మొదట చెప్పిన కట్టుబాట్లు మూడు: విగ్రహాలను మొక్కకూడదు, చచ్చిన గొడ్డు మాంసం తినకూడదు, ఆదివారం పని చెయ్యకూడదు. మూడోది ఊరి పెద్దలకు కంటగింపు అయింది. జీతగాడు వారానికొక రోజు రాడా? మోషే ధర్మశాస్త్రంలో సబ్బాతు ఆజ్ఞను ద్వితీయోపదేశకాండం చెప్పిన తీరు చూస్తే ఆ కోపానికి కారణం తెలుస్తుంది. యజమానితో సమానంగా దాసుడూ దాసీ విశ్రమించాలి, ఎద్దూ గాడిదా విశ్రమించాలి అని అక్కడ ఉంది. ఐగుప్తులో మీరూ బానిసలేనని గుర్తు చేస్తూ మరీ ఆ మాట చెప్పారు. విశ్రాంతి ఆత్మకు సంబంధించినదే, కాదనను. కానీ ఒక మనిషికి రోజంతా కాళ్ళు చాపుకుని కూర్చునే హక్కు ఉందని ఒప్పుకోకుండా అతని ఆత్మకు విశ్రాంతి చెప్పడం నోటిమాటే అవుతుంది.

పోయినవాళ్ళ విషయంలో తెలుగు క్రైస్తవులు 'ప్రభువునందు నిద్రించారు' అంటారు. ఇది గ్రీకు క్రైస్తవుల దగ్గర నుంచి నడుచుకుంటూ వచ్చిన అలవాటు. వాళ్ళు శ్మశానాన్ని 'కొయిమెతెరియోన్' అన్నారు, అంటే పడుకునే చోటు. ఇంగ్లీషు సెమెటరీ అందులోంచి వచ్చింది. నిద్రపోయినవాడు లేస్తాడు అనే నమ్మకం ఆ మాటలో ఉంది. బతికున్నవాళ్ళకు మాత్రం నిద్ర పట్టదు. వాళ్ళకు కావలసింది మెలకువగా ఉండి కూడా దొరికే విశ్రాంతి. అది ఎలా వస్తుందో పౌలు తన సొంత కష్టంలో నుంచి చెప్పాడు.

కొరింథీయులకు రాసిన రెండో పత్రిక మొదట్లో అయిదు వచనాల్లో పౌలు పరాక్లేసిస్, దాని క్రియ కలిపి పదిసార్లు వాడాడు. తెలుగులోనూ ఆదరణ, ఆదరించు అనేవి ఒకదాని మీద ఒకటి పడుతూ వస్తాయి. ఎందుకంత? ఆసియాలో తమకు బతుకు మీదే ఆశ పోయేంత శ్రమ వచ్చిందని వెంటనే అంటాడు. అదే పత్రికలో రెండో అధ్యాయంలో త్రోయలో తన సహచరుడు తీతు కనిపించకపోయేసరికి మనసుకు నెమ్మది లేదంటాడు. మంచి పని దొరికినా వదిలేసి మాసిదోనియకు బయల్దేరాడు. ఏడో అధ్యాయంలో అక్కడ కూడా బయట పోరాటాలు, లోపల భయాలు. అప్పుడు తీతు వచ్చాడు. దీనులను ఆదరించే దేవుడు తీతు రాకతో మమ్మల్ని ఆదరించాడు అని పౌలు రాసిన దాని సారం. పరలోకం తెరుచుకోలేదు, దర్శనం రాలేదు. దుమ్ము కొట్టుకుపోయిన కాళ్ళతో ఒక మనిషి వచ్చి, కొరింథువాళ్ళు నిన్ను తలుచుకుంటున్నారు అని చెప్పాడు. దేవుడి ఆదరణకు పౌలు చూపించిన రుజువు అది. పలకరింపుకు వెళ్ళే మన పల్లె మనిషికీ తీతుకూ పెద్ద తేడా లేదు. ఇద్దరూ వెళ్ళారు, అంతే.

ఆదరణ అనే మాటకు తెలుగు వాక్యంలో ఒక నియమం కూడా ఉన్నట్టు తోస్తుంది. చర్చిలో సాక్ష్యం చెప్పేవాళ్ళను వినండి. "ఆ సమయంలో వాక్యం ద్వారా ఆదరణ పొందాను" అంటారు, "ప్రభువు నన్ను ఆదరించాడు" అంటారు. "నేను ఫలానా ఆవిడను ఆదరించాను" అని ఎవరూ చెప్పుకోరు. చెబితే చెవికి ఎబ్బెట్టుగా ఉంటుంది. ఆదరణ పొందినవాళ్ళు మాత్రమే దాని గురించి మాట్లాడగలరు. అది ఆదరణో కాదో తేల్చేది వాళ్ళే. యోబు తేల్చినట్టు.

అలాగని ఆదరణను కూడికతో సరిపెట్టడానికి వీల్లేదు. తొలి సంఘంలో వచ్చిన మొట్టమొదటి తగాదా సిద్ధాంతాల గురించి కాదు. అపొస్తలుల కార్యాలు ఆరో అధ్యాయంలో, రోజూ అన్నం పంచే దగ్గర తమ విధవరాండ్రను చిన్నచూపు చూస్తున్నారని గ్రీకు భాష మాట్లాడేవాళ్ళు సణిగారు. నిరాదరణ మీద వచ్చిన గొడవ అది. అపొస్తలులు దాన్ని తీసిపారెయ్యలేదు, ఏడుగురిని ఆ పనికే నియమించారు. యాకోబు తన పత్రికలో నిజమైన భక్తి ఏమిటో చెబుతూ, దిక్కులేని పిల్లలనూ విధవరాండ్రనూ వాళ్ళ ఇబ్బందిలో పరామర్శించడం అన్నాడు. తెలుగు అనువాదకులు వాడింది పరామర్శ అనే మాటే, తాకడం అనే అర్థమున్న మాట. షామియానా విప్పాక, కుర్చీలు టాటా ఏస్‌లో ఎక్కించి పంపాక, అసలు ఇబ్బంది అప్పుడు మొదలవుతుంది. రేషన్ కార్డులో పేరు మార్చాలి. బ్యాంకు వాళ్ళు మరణ ధ్రువపత్రం అడుగుతారు, ఆధార్‌లో ఇంటిపేరు ఒకలా ఉంటే పాస్‌బుక్కులో ఇంకోలా ఉంటుంది. వితంతు పింఛనుకు అర్జీ పెట్టాలి. చదువు రాని ఆవిడ సచివాలయంలో ఏ బల్ల దగ్గర నిలబడాలో తెలియక తిరుగుతుంటే, "రండి పిన్నీ, నేను అడుగుతాను" అని ఆ కాగితాలు చేతిలోకి తీసుకున్న కుర్రాడు పరాక్లేతోస్ అనే మాట మొదటి అర్థాన్ని చేసి చూపిస్తున్నాడు. పక్కన నిలబడి, ఆమె తరఫున మాట్లాడుతున్నాడు. ఉత్తరవాది అన్నా, ఆదరణకర్త అన్నా ఆ పని చేసేవాడికే చెల్లుతుంది.